నీలి బుద్ధుడు ఎవరింట్లో ఉండాలి

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. జబ్బులు నయం చేసే నీ నీలి బుద్ధుణ్ణి నీ కోడలు స్వప్న చూసుకోదేమోనని, జనగామలో మా ఇంటికి తెచ్చుకుందామని రేగొండ వెళ్లాను.

తెచ్చేముందు కడుగుదామని, మన ఇత్తడి దేవుళ్లకు లాగే చింతపండు పట్టించబోయాను. స్వప్న ఉరికొచ్చింది.

"అయ్యో చిన్నత్తమ్మా, రంగు పోతది! పొడి బట్టతోనే తుడవాలె. అత్తమ్మ నీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటది, నేను వింటెగా!"

నవ్వుకుంటూ తనే మెత్తగా తుడిచింది. వేళ్ల సందుల్లో దుమ్మును సన్న కుంచెతో తీసింది. ఎడమ చేతిలోది మందుగిన్నె, కుడిచేతిలోది కరక్కాయ అని చూపించింది. ఇన్నాళ్లూ నేను నిమ్మకాయ అనుకునే దండం పెట్టాను.

ఎందుకొచ్చానో ఆమెకు చెప్పలేదు. బుద్ధుణ్ణి నీ అల్మారాలోనే కూర్చోబెట్టి, సాయంత్రం బస్సుకు హాయిగా వచ్చేశాను.