మా బండి ఒళ్లు కాలుతోంది

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. నా సొంత ఆటోకి ఇదే మొదటి ట్రిప్పు. ఎలక్ట్రిక్ బండి, చప్పుడే ఉండదు. గల్లీలో మేకలు కూడా పక్కకు జరగవు. హారన్ కొట్టీ కొట్టీ బొటనవేలు నొప్పి పుట్టింది. లాల్‌దర్వాజా నుంచి శాలిబండ బడి దాకా పిల్లలు పాడుతూనే ఉన్నారు. నేనూ పాడాను, ఎవరూ మెచ్చుకోలేదు.

నిన్న బండి అప్పజెప్పడానికి వచ్చిన కంపెనీ టెక్నీషియన్ డానియేలు, సీటు ఎత్తి అత్తకు బ్యాటరీ చూపించాడు. బండి పాణమంతా గీ నల్ల పెట్టెలనే ఉన్నదమ్మా, పైలంగ చూసుకోవాలె అన్నాడు. అత్త పెట్టెకు దండం పెట్టింది. నా ఫోన్లో ఒక యాప్ వేసిచ్చాడు. బ్యాటరీ ఎంత వేడిగా ఉందో అందులో కనిపిస్తుంది. ఆకుపచ్చ అయితే క్షేమం, పసుపు అయితే జాగ్రత్త. అరవై డిగ్రీలకు ఎరుపు వచ్చి ఛార్జింగ్ దానంతట అదే ఆగిపోతుంది.

ఇంటి ఓనర్ వైకుంఠం గారిది ముందు స్టీల్ సామాన్ల దుకాణం, వెనక వాకిట్లో మా రెండు గదులు. ప్లగ్గు పెట్టుకోనిచ్చారు గానీ పక్కనే ఇసుక బకెట్ కూడా పెట్టారు. పొద్దున్నే ఎక్కడో తగలబడుతున్న బండి వీడియో తెచ్చి, చూడు మహేశ్వరీ, ఎట్ల కాలుతున్నదో అని చూపించారు. అదీ నా బండి ముందు నిలబడి.

జూన్ 13, శుక్రవారం, సాయంత్రం

పిండి కలుపుతుంటే ఫోన్ అరిచింది. ఎరుపు. పిండి చేతులతోనే వాకిట్లోకి పరుగెత్తాను. ఛార్జింగ్ ఆగిపోయింది. మంట లేదు. పొగ సంగతి చెప్పలేను. శుక్రవారం కదా, అత్త దేవుడికి సాంబ్రాణి ఊదు వేస్తే ఇల్లంతా మబ్బు పట్టినట్టే ఉంటుంది.

మా ఆయన ప్రేమ్‌రాజ్‌కి వాటర్ బోర్డులో సాయంత్రం డ్యూటీ. ఫోన్ చేస్తే, పైపు పగిలితే చెప్పు వస్త, కరెంటు నాకు తెల్వదు అన్నాడు. జోకులకేం తక్కువ లేదు.

జూన్ 14, శనివారం

డానియేలు లాప్‌టాప్ తెచ్చి చూశాడు. అన్ని సెల్సూ హెల్దీ. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతున్నవా అక్కా అని అడిగాడు. లేదన్నాను. ఛార్జరూ బాగానే ఉంది.

వెళ్లేటప్పుడు అసలు మాట చెప్పాడు. నెలలో మూడుసార్లు ఎరుపు వస్తే సిస్టమే బండిని లాక్ చేసేస్తుందట. బ్యాటరీ టెస్టింగుకు కంపెనీకి పోతుంది. తిరిగి ఎప్పుడొస్తుందో వాళ్లే చెప్పలేరు. అందాకా పిల్లల తల్లిదండ్రులు ఆగుతారా? వేరే ఆటో మాట్లాడుకుంటారు. ఇన్నేళ్లూ ఇంకొకళ్ల బండి తోలి తోలి కొనుక్కున్న బండి ఇది. నాకు చాలా భయంగా ఉంది.

జూన్ 17, మంగళవారం, సాయంత్రం

మళ్లీ ఎరుపు. రెండోసారి.

నేను వాకిట్లోకి వచ్చేసరికి వైకుంఠం గారు లుంగీ ఎగ్గట్టి బకెట్ ఇసుక మొత్తం వెనక సీటు మీద గుమ్మరించేశారు. మంట ఎక్కడుంది సార్ అని అడిగాను. రాకముందే పోసిన అన్నారు. ఇంకొక్కసారి గిట్లయితే ప్లగ్గు పీకేస్త అని కూడా అన్నారు. కోపంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇసుక ఊడ్చాను.

జూన్ 18, బుధవారం

సీటు సందుల్లోంచి ఇంకా ఇసుక రాలుతోంది. అత్త మాత్రం ఇది దిష్టే అంటోంది. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను చూసుకుంట అన్నది.

జూన్ 19, గురువారం

డానియేలు ఆఫీసులో కూర్చుని మా బండి గ్రాఫ్ చూసి ఫోన్ చేశాడు. వేడి లోపలి నుంచి పుట్టడం లేదక్కా, పై నుంచి దిగుతున్నది, ఎవరో కాక పెడ్తున్నట్టున్నది అన్నాడు.

ఎవరో అంటే? వాకిట్లో తిరిగేది మేమూ వైకుంఠం గారూ. మేమైతే పెట్టుకోం. ఆయనకేమో ఈ బండి మొదటి నుంచీ ఇష్టం లేదు. మొన్న ఎరుపు వచ్చినప్పుడు నాకంటే ముందే బండి దగ్గర ఉన్నారు. నాకు లెక్క కుదిరింది. సాయంత్రం ఆయన నమస్తే అంటే వినపడనట్టు లోపలికి వచ్చేశాను.

జూన్ 20, శుక్రవారం

భయం ఇంకా పోలేదు. నవ్వు కూడా వస్తోంది.

ఛార్జింగ్ పెట్టి, వాకిట్లో పీట వేసుకుని బెండకాయలు తరుగుతూ కూర్చున్నాను. ఎదురుగా వైకుంఠం గారు మళ్లీ నింపిన బకెట్ పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆయన నా బండికి కాపలా, నేను ఆయనకు కాపలా. 

లోపల గంట మోగింది. అత్త ఊదు గిన్నెతో బయటికి వచ్చింది. తులసికి చూపించింది. గడపకు చూపించింది. తిన్నగా బండి దగ్గరికి వచ్చి, సీటు ఎత్తి, కణకణలాడే నిప్పుల గిన్నెను ఆ నల్ల పెట్టె మీద పెట్టి, పొగ బయటికి పోకుండా సీటు మూసేసింది. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

నా ఒళ్లోని బెండకాయలన్నీ కింద పడ్డాయి. వైకుంఠం గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

తర్వాత ఎలా లేచానో తెలియదు. ప్లగ్గు పీకాను. సీటు ఎత్తి, కొంగుతో గిన్నె పట్టుకుని ఇసుక బకెట్లో బోర్లించాను. డానియేలుకు ఫోన్ చేస్తే, సీటు తెరిచే ఉంచి అందరూ దూరం పోండి, పైన పెట్టిన కాక లోపలికి దిగేదానికి టైమ్ పడ్తది అన్నాడు. ముగ్గురం గల్లీలోకి వచ్చి ఫోన్ మీదికి వంగి నిలబడ్డాం.

యాభై రెండు. యాభై ఐదు. అత్తకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఒక్కో అంకెకూ అమ్మవారిని పిలిచింది. అటుగా పోతున్న ఒకాయన బండి స్లో చేసి స్కోర్ ఎంత భాయ్ అని అడిగాడు. వైకుంఠం గారు తల ఎత్తకుండానే యాభై ఎనిమిది అన్నారు.

యాభై తొమ్మిది. అక్కడే చాలాసేపు నిలబడింది.  యాభై ఎనిమిదికి దిగినప్పుడు వైకుంఠం గారు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత అత్త మీద అరిచాను. పోయిన శుక్రవారమూ పెట్టిందట, మంగళవారమూ పెట్టిందట. ఫోన్ అరిచి నేను వచ్చేలోగా గిన్నె మళ్లీ దేవుడి దగ్గరికి చేరిపోయేది. గా పిలగాడే చెప్పిండు గదా పాణమంతా అండ్లనే ఉన్నదని, పాణమున్న కాడ పెట్టక టైర్లకు పెడ్తనా అన్నది. లైన్లోనే ఉన్న డానియేలు గట్టిగా దగ్గాడు.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. లారీల నడుమ తిరిగొస్తవు, బండికి గాదు బిడ్డా, నీకే దిష్టి తగలొద్దని పెట్టిన అన్నది. ఇక అరవలేకపోయాను. అత్త మీద ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు.

జూన్ 21, శనివారం

వైకుంఠం గారికి జిలేబీ తీసుకెళ్లి, మిమ్మల్నే అనుమానించానని చెప్పేశాను. మీరు బండి కింద కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాలుస్తున్నరనుకున్న అన్నారాయన. ఇద్దరం జిలేబీ తిన్నాం.

ఒప్పందం కుదిరింది. ఇక మీద ఊదు గల్లీలోనే, ప్లగ్గు పెట్టకముందే. సీటు ఎత్తకూడదు, గిన్నె చేతిలోంచి దిగకూడదు. అత్త ఒక షరతు పెట్టింది. ఆ అంకెలు తన ఫోన్లో కూడా కనిపించాలట. డానియేలు వేసిచ్చాడు. ఈసారి పెట్టెలో ఏముందో చెప్పేటప్పుడు పాణం అనే మాట మాత్రం ఎత్తలేదు.

జూన్ 27, శుక్రవారం

ఎర్రటి ఎండలో శాలిబండ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటే అత్త ఫోన్. నలభై ఒకటైంది, నీడకు నిలబడు, నువ్వు గూడ నీళ్లు తాగు అని. పిల్లలంతా నవ్వారు. నిలబడి తాగాను.

జూలై 20, ఆదివారం

బోనాలు. నాకు జ్వరం, గుడికి వెళ్లలేదు. దుప్పటి కప్పుకుని డప్పుల చప్పుడు వింటూ పడుకున్నాను. నెత్తిన బోనంతో వరుసలో నిలబడే అత్త ఫోన్ చేసింది. బండి ఇరవై తొమ్మిది ఉన్నది, నువ్వెంతున్నవ్ బిడ్డా అని అడిగింది.

ఎరుపు దాటి పసుపులోకి దిగానత్తా అన్నాను.