నీలు షీటు మీద ప్రశ్న గుర్తు

జహీరాబాద్,
సెప్టెంబరు, 1984.

శ్రీవారికి భాగీరథి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. ఈ మాట రాయగలిగే రోజు కోసమే ఇన్నాళ్లూ ఉత్తరం ఆపాను. రాజస్థాన్ ఎండల్లో బోరు లారీ వెంట తిరుగుతున్న మీరు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

ఝరాసంగం చేనులో అల్లం ఎట్లా ఉందని అడిగారు. ఈసారి నీళ్లు నిలవలేదు, దుంప కుళ్లలేదు. అత్తమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది.

దవాఖానలో నేను చేసే పనేమిటో అర్థం కాలేదన్నారు. ఇళ్లకు వెళ్లిపోయిన, చనిపోయిన రోగుల కేస్ షీట్లు మా రికార్డు గదికి వస్తాయి. ఒక లావుపాటి పుస్తకంలో ప్రతి రోగానికీ నంబరు ఉంటుంది. డాక్టరు రాసిన పేరు చూసి ఆ నంబరు వేయాలి. జ్వరం, వాంతులు లక్షణాలే తప్ప రోగాలు కావు. చేర్చుకునేటప్పుడు రాసేది ప్రొవిజనల్, అంటే ఇంకా తేలనిది. పరీక్షలయ్యాక రాసేది ఫైనల్. పేరు ముందు ప్రశ్న గుర్తు ఉంటే అది అనుమానం మాత్రమే. పని నేర్పే సదాశివ సారు మొదట్లోనే చెప్పారు: “అనుమానానికి రోగం నంబర్ ఎయ్యద్దమ్మా. తేలకుంటే లక్షణానికే ఎయ్యి. జ్వరమైతే జ్వరమే.”

ఇంత వివరంగా ఎందుకంటే, ఆ ప్రశ్న గుర్తు మన నీలు షీటు మీద చూశాను. కంగారు పడకండి. ఇప్పుడు పిల్ల నా పక్కనే కూర్చుని పేలాలు తింటోంది.

పోయిన నెల ఒకరోజు పొద్దున జ్వరంతో లేచింది. వానకు తడిసిందనుకున్నాం. మధ్యాహ్నానికి వాంతులు. నీళ్లు తాగిద్దామని తల ఎత్తబోతే మెడ వంగలేదు, కర్రలా బిగుసుకుపోయింది. ఎత్తుకుని మా దవాఖానకే పరుగెత్తాను. రామచందర్ డాక్టరు చూసి, ప్రశ్న గుర్తు పెట్టి, ‘మెనింజైటిస్’ అని రాశారు. మెదడు పొరల వాపు. ఆ పేరున్న షీట్లు అంతకుముందు నా చేతికి వచ్చాయి. వాటి చివర ఏం రాసి ఉందో నాకు తెలుసు. చదువు రాకపోయినా బాగుండేదనిపించింది.

“వెన్నులకెళ్లి నీళ్లు తీసి చూడాలె. జల్ది సంతకం చెయ్యిండ్రి” అన్నారు డాక్టరు.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. “వద్దు బిడ్డా! వెన్నుల సూది పొడిస్తే పోరి కాళ్లు పడిపోతయ్. మాణిక్ రానీ.”

“ఆయన ఏ ఊళ్లె ఉన్నడో ఎవరికెరుక అత్తమ్మా? వచ్చేదాంక ఇది ఆగదు.”

“ఏమన్నయితే నా కొడుక్కు నువ్వే జవాబు చెప్పాలె.”

“చెప్పుకుంట.”

మిమ్మల్ని అడగకుండా సంతకం పెట్టాను. పిల్లను పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టకు ముడిచి, కదలకుండా నేనే పట్టుకున్నాను. “అమ్మా, ఇడ్సమను” అని ఏడ్చింది. వదల్లేదు. ఆ నీరు తేటగా ఉండాలట. బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది.

డాక్టరు షీటు తీసుకుని ప్రశ్న గుర్తు కొట్టేశారు. అది పోవాలని మొక్కుకున్నదాన్ని నేనే. ఇట్లా పోతుందనుకోలేదు.

ఆ నీటి పరీక్షలో ఏ మందు పనిచేస్తుందో తేలింది కాబట్టి ఆ ఇంజెక్షన్లే ఇస్తూ వచ్చారు. అత్తమ్మ నాతో మాట్లాడలేదు, మంచం దగ్గర నుంచి లేవనూ లేదు. పిల్ల కళ్లు తెరిచినా మనుషులను గుర్తుపట్టని రోజులు గడిచాయి. చివరికి ఒక పొద్దున “నానమ్మా, ఆకలైతుంది” అంది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాళ్లు పడిపోలేదు. తనే నడిచి ఇంట్లోకి వచ్చింది.

ఇక్కడితో ముగిద్దామనే కూర్చున్నాను. కానీ ఇంకొకటి ఉంది.

ఇంటికొచ్చాక ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడం లేదు. ఆటలో పడిందనుకున్నాం. ఒకరోజు కుడి చెవి గట్టిగా మూసి, ఎడమ చెవిలో పేరు పెట్టి పిలిచాను. నా పెదవుల వంక చూసి, “ఏమన్నవమ్మా?” అంది.

ఇది ఆ రోగం చేసిందే, ఆ చెవికి వినికిడి తిరిగి రావడం కష్టం అన్నారు డాక్టరు. రోగం వెంట వచ్చే ఇలాంటి నష్టాన్ని మా లెక్కల్లో ఉపద్రవం అంటారు, అసలు రోగం పేరుకు దిగువన రాస్తారు. సూది వల్ల కాదని అత్తమ్మకూ చెప్పారు. ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. మీరు నమ్ముతారో లేదో కూడా తెలియదు. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే సంతకం పెడతాను.

కోపం వస్తే నా మీద చూపించండి. పిల్ల ముందు మాత్రం చెవి మాట ఎత్తకండి. వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి పిలవకండి. లోపలికి వచ్చి, కుడి పక్కన కూర్చుని, మెల్లగా పిలవండి. వెంటనే తిరిగి చూస్తుంది.

ఇట్లు,
మీ ఇల్లాలు, నీలు తల్లి
భాగీరథి