నదికి పడమర

గురువారం, ఐన్ ఖాలిద్

పాకిస్తాన్‌లోని ఎగువ దిర్ జిల్లా మీద నా వ్యాసం ఈ ఉదయం మన తెలుగు పత్రికలో వచ్చింది. పఠాన్ల జిల్లా. మధ్యలో పంజ్‌కోరా నది, కొండవాలున మెట్లు మెట్లుగా మొక్కజొన్న, కొన్ని అక్రోటు చెట్లు. పొలం తిండికి చాలదు కాబట్టి ఇంటికొకరు ఇక్కడ గల్ఫ్‌లో ఉంటారు. ఇదంతా నాకు చెప్పింది అల్ ఖోర్ లేబర్ క్యాంపులో ఉండే వాటర్ ట్యాంకర్ డ్రైవరు గుల్. వరల్డ్ కప్ పనుల కోసం సెలవు లేకుండా రెండు డ్యూటీలు చేయిస్తున్నారనీ చెప్పాడు. అతని పేరు మార్చి అదీ రాశాను. తెలుగులో ఉన్నది క్యాంపులో పఠాన్లెవరు చదువుతారులే అనుకున్నాను.

మధ్యాహ్నం అదే క్యాంపు నుంచి జగిత్యాల రాజన్న ఫోన్ చేశాడు.

"మస్తు రాసిన్రు సార్! మెస్సుల అందరికి హిందీల చదివి చెప్పిన. మా ఫోర్‌మన్ గూడ కూసోని ఇన్నడు."

ఫోర్‌మన్‌దీ దిర్ జిల్లానే. గుల్‌కు వీసా తెచ్చింది ఆయనే. గుల్ తమ్ముడి వీసా ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.

"ఏమైనా అడిగాడా?"

"ఏం లే సార్. గా డ్రైవర్ ఊరు నదికి ఏ దిక్కున్నదని అడిగిండు. మీరు రాసిందే చెప్పిన, పడమర దిక్కని."

అటువైపు ఊళ్ల నుంచి వచ్చిన ట్యాంకర్ డ్రైవరు గుల్ ఒక్కడే.

ప్రతి శుక్రవారం ఆ జిల్లావాళ్లంతా ఫోర్‌మన్ గదిలో కలిసి భోంచేస్తారు. సాయంత్రం గుల్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"రేపు భోజనానికి ఎవరినీ రావద్దన్నాడు భాయ్‌సాబ్," అన్నాడు. "నన్నొక్కడినే రమ్మన్నాడు."