గంటకు ఐదు మైళ్ళు

మోంటానా,
ఏప్రిల్ 19.

చిరంజీవి కోరిన్‌ను దీవించి నాన్న రాయునది. ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. సైన్యం శిక్షణలో నీకు ఫోన్ ఇవ్వరు కాబట్టి ఉత్తరమే దిక్కు. నీది మంగళవారం అందింది.

అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. కంచె పక్కన మంచు ఇంకా కరగలేదు. బూట్లు కరుస్తున్నాయన్నావు, మేజోళ్ళు రెండు జతలు వేసుకో. నీ గుర్రం క్లోవర్ ఈనిందా, పిల్ల ఏ రంగు అని అడిగావు. అది చెప్పాలంటే ముందు ట్రక్కు సంగతి చెప్పాలి.

డీజిల్ పొగ శుభ్రం కావడానికి నీలం మూత తీసి పోస్తామే, ఆ ద్రవం అయిపోయింది. కొనాలంటే ఊళ్ళోకి నలభై మైళ్ళు. ఉండేది యూరియా, నీళ్ళేగా, గోధుమ చేలకు తెచ్చిన బస్తాలున్నాయిగా అని బకెట్లో కలిపి పోసేశాను. అమ్మ చూసి, “ఏవయ్యా, అది ట్రక్కనుకున్నావా, చేననుకున్నావా?” అని నవ్వింది. నేనూ నవ్వాను. రెండు రోజులకు ఎర్ర దీపం వెలిగింది. ద్రవం పనికిరాదు, ఇంకో యాభై మైళ్ళు నడిచాక ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే గంటకు ఐదు మైళ్ళకు మించి పోదు అని తెర మీద వచ్చింది. పొగ తగ్గాలని ప్రభుత్వం పెట్టించిన రూలు అది. ఉత్త బెదిరింపు అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున క్లోవర్‌కు నొప్పులొచ్చాయి. పిల్ల అడ్డం తిరిగింది. పశువుల డాక్టర్ లిండ్‌క్విస్ట్ వెంటనే తీసుకొచ్చెయ్యమన్నాడు. ట్రైలర్లో ఎక్కించి బయల్దేరాను. సగం దారిలో అది ట్రైలర్ లోపల ఒకటే తన్నుకుంటోంది. చూద్దామని ఆగాను. ఇంజన్ మోతకు బెదురుతుందని తాళం తిప్పి ఆపేశాను. ఆ యాభై మైళ్ళ గడువు అప్పటికే దాటినట్టుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఐదు మైళ్ళే. ఎంత తొక్కినా ఐదే. ఫోన్ చేస్తే డాక్టరే ఎదురొచ్చాడు. అప్పటికి తన్నులు ఆగిపోయాయి. పిల్ల ఆడది, ఎర్రది. అదీ దక్కలేదు.

నాకు ఏడుపు రాలేదమ్మా. ఇంటికొచ్చి ఆవులకు గడ్డి వేశాను. అమ్మ పెట్టింది తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

కాఫీ హోటల్లో పక్క పొలం ఎర్విన్ భుజం తట్టాడు. “నీ తప్పేముందిరా హార్లన్? ఈ రూలు పెట్టినోళ్ళకి బుద్ధుండాలి. ఆ యూరియా ఉచ్చ తాగితే గానీ బండి కదలదంట, థూ! గుర్రాన్ని చంపింది వాళ్ళేరా!” అందరూ అవునన్నారు. నేనూ తలూపాను. బకెట్ సంగతి చెప్పలేదు. అమ్మకు తెలుసు.

ఇంకొకటుంది. క్లోవర్ బాగా మేస్తోంది, ఈ వారంలో ఈనుతుంది అని పోయిన ఉత్తరంలో రాశాను. అప్పటికి దాన్ని పూడ్చి నాలుగు రోజులైంది. నీ శిక్షణ చెడిపోతుందని అలా రాశానని అమ్మతో అన్నాను. అదీ అబద్ధమే. నీ దగ్గర చెడ్డవాణ్ణి కావడానికి భయమేసింది. నువ్వేమో అది నమ్మి, పక్క మంచాల పిల్లలందరికీ చెప్పుకున్నానని రాశావు. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

వాళ్ళకు చెప్పేటప్పుడు ట్రక్కు ఆగిపోయిందని చెప్పకు. మా నాన్న చేశాడని చెప్పు.

ఇట్లు,
మీ నాన్న
హార్లన్