పంతొమ్మిదో పుస్తకం

జూన్ 28, శనివారం

రాజమండ్రి వెళ్ళొచ్చాను. పాత పుస్తకాల కొట్టు. రెండు గంటలు నేల మీద కూర్చుని వెతికితే నాలుగు ఇంగ్లీషు నవలలు దొరికాయి. చేతులు కడుక్కున్నా ఆ దుమ్ము వాసన పోలేదు. పోకపోయినా ఫర్వాలేదు.

ఒకటి, తోడేళ్ళుగా మారే అన్నదమ్ముల్లో మూడోవాడి కథ. ఒకటోవాడిదీ ఐదోవాడిదీ ముందే ఉన్నాయి. మూడోవాడికి పెళ్ళయిపోతుందని ఐదోదాంట్లోనే తెలిసిపోయింది. అయినా కొన్నాను. ఎలా అయిందో కావాలి కదా.

తర్వాత రెక్కలు పోగొట్టుకున్న దేవదూత. అట్ట మీద చొక్కా లేకుండా నిలబడ్డాడు. ముందు వాడికి న్యూస్‌పేపర్ తొడగాలి.

మంత్రగత్తె బేకరీ. ఆఖరి పేజీ ఉందో లేదో అక్కడే చూసుకున్నాను. ఉంది.

నాలుగోది గడియారాల షాపు నడిపే రక్తపిశాచి. అట్ట మీద మనుషులే లేరు. ఒక తలుపు, సందులోంచి వెలుగు. బస్సులోనే మొదలుపెట్టాను. వాడు ఒకామె గడప బయట నిలబడి ఆమెతో మాట్లాడుతున్నాడు. ఆమె రమ్మని పిలిస్తే తప్ప లోపలికి రాలేడు. ఈ ఒక్క కట్టుబాటు కోసమే నాకు రక్తపిశాచులంటే ఇష్టం.

పాతవి పదిహేను, ఇవి నాలుగు. "పంతొమ్మిది!" అన్నాను పైకే.

అమ్మ సంచిలోకి తొంగి చూసింది. "మళ్ళీ దెయ్యాలేనా?"

"ప్రేమ కథలమ్మా."

"దెయ్యాలకి ప్రేమేంటే?"

నాన్న కొబ్బరికాయలు ఒలుస్తూ తలెత్తకుండానే అన్నాడు, "మనుషులకి తీరికేదీ. దెయ్యాలే చెయ్యాలి."

జూన్ 29, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అమ్మకి తల దువ్వుతున్నాను. నా చెయ్యి పట్టుకుని జాకెట్టులోకి పెట్టింది. "ఇదేంటో సూడు."

ఎడమ రొమ్ములో... గోళీకాయంత. కదలడం లేదు. నొప్పి లేదంట.

ఎప్పట్నుంచి?

"క్రిస్మస్ ముందు నుంచేమో."

ఆరు నెలలు. ఆరు నెలల్లో నేను ఎన్ని పుస్తకాలు చదివాను?

"నాన్నకి సెప్పకు."

జూలై 1, మంగళవారం

నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఒక పూట సెలవు అడిగి అమ్మని ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మంచిది. "కంగారు పడకండి. కానీ ఆలస్యం మాత్రం చెయ్యకండి." కాకినాడ పెద్దాసుపత్రిలో సూది గుచ్చి పరీక్ష చేస్తారంట. చీటీ రాసిచ్చింది.

దారంతా అమ్మ ఆ చీటీని తలకిందులుగా పట్టుకుని చూస్తూ వచ్చింది.

జూలై 2

"నాట్లు అయ్యాక ఎల్దాం," అంది అమ్మ.

జూలై 4, శుక్రవారం

నాట్లు ఎప్పటికవుతాయి? ఈ చేను అయితే ఇంకో చేను. బురద మరకల ఆకుపచ్చ చీర కట్టుకుని అమ్మ ఐదున్నరకే కూలీల జట్టుతో వెళ్ళిపోతోంది. రోజంతా వంగే ఉంటుంది. వంగినప్పుడల్లా అది...

రాయను.

జూలై 5, శనివారం

ఈరోజు గట్టిగా అడిగాను. అరిచాను కూడా. ఇరవై మూడేళ్ళలో అమ్మ మీద అరవడం ఇదే మొదలు.

అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. తర్వాత అంది, "సువార్తమ్మ ఏమందో తెలుసా? ఇంట్లో దెయ్యాల పుస్తకాలుంటే స్వస్థత రాదంది."

సువార్తమ్మ ఆంటీ మా వీధి ప్రార్థనలు నడిపే ఆవిడ. ఆవిడ మాటంటే అమ్మకి బైబిలు వాక్యం తర్వాత వాక్యం.

"అవి ఇంట్లోంచి పోతే వస్తావా?"

"అన్నీ గడప దాటాలి. ఒక్కటి కూడా ఉండకూడదు. అప్పుడొస్తా."

సరే అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

జూలై 6, ఆదివారం

ఆఖరిసారి ఒక్కొక్కటీ తీసి చూశాను.

తోడేలు అన్నదమ్ములు ముగ్గురు. పోతే పోనీ. వాళ్ళకి కోపం తప్ప ఇంకేం లేదు.

సముద్రంలోంచి వచ్చే అతను. ఇది హాస్టల్లో సీనియర్ మంచం కింద వదిలేసి వెళ్ళింది. నేను చదివిన మొదటి ఇంగ్లీషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుంటే నలభై రోజులు పట్టింది. అంచుల్లో పెన్సిలుతో తెలుగు అర్థాలు... రెండో సగంలో తక్కువయ్యాయి. ఆఖరి పదిహేను పేజీల్లో ఒక్కటీ లేదు. నాకు ఇంగ్లీషు వచ్చిందని ఆ తెల్లటి అంచులు చూసే తెలిసింది. ఉద్యోగం వీడి పుణ్యమే.

చచ్చిపోయిన పోస్ట్‌మాన్. అన్నింట్లోకీ ప్రాణం. చనిపోయాడని తెలియక ఇంకా ఉత్తరాలు పంచుతూనే ఉంటాడు. కొత్తగా వచ్చిన పోస్ట్ మాస్టరమ్మకి తెలుసు, కానీ చెప్పదు. చెబితే వెళ్ళిపోతాడు కదా. నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అదే పేజీ దగ్గర ఏడ్చాను.

చదువుకున్నదాన్ని. ఆసుపత్రి చీటీ చదవగలిగేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. చదవడం తప్ప ఏమీ చెయ్యలేకపోతున్నాను.

జూలై 8, మంగళవారం

మా స్కూల్లో సెకండ్ క్లాస్ టీచర్ లలిత స్కూటీ తెచ్చింది. రెండు గోనె సంచులు. పుస్తకాలు వాళ్ళింట్లో ఉంటాయి.

"నీ మొగుళ్ళందర్నీ మా ఇంట్లో పెడుతున్నావు. మా ఆయన ఊరుకుంటాడా?"

"దేవదూతకి చొక్కా తొడిగానులే."

అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. చేలో నారు కట్టలు పంచే మనిషి, చదువు రాదు గానీ లెక్క తప్పదు. సంచుల మూతి కడుతుంటే అంది, "పద్దెనిమిదే."

మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిది.

"తెచ్చిన రోజు పంతొమ్మిదన్నావు. ఒకటి తగ్గింది." లేచి లోపలికి వెళ్తూ, "అది దొరికాక సూద్దాం."

గడియారాల షాపుది లేదు. సగంలో ఉంది. బస్సు టికెట్టు గుర్తు పెట్టి కిటికీలో ఉంచాను. అక్కడ లేదు.

జూలై 9

బియ్యం డబ్బా వెనక, మంచం కింద, పరుపు కింద. లేదు.

జూలై 10, గురువారం

స్కూల్లో వెతికాను. పిల్లల నోట్సుల కట్టల్లో కూడా. లలిత అంది, "రక్తపిశాచి కదా, పొద్దున్నపూట కనపడడు." నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తున్నారని బోర్డు వైపు తిరిగి ఏడో ఎక్కం రాశాను.

జూలై 11, శుక్రవారం

నాన్న కూడా వెతుకుతున్నాడు. ఎందుకో తెలియదు పాపం. స్కూలు పుస్తకం అనుకుంటున్నాడు.

"ఏ రంగు, టీచరమ్మా?"

"నలుపు నాన్నా. తలుపు బొమ్మ."

కొబ్బరి పీచు గుట్టంతా తిరగేశాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ, "దొరుకుద్దిలే, తొందరేంటి?" అంది.

తొందరేంటి.

జూలై 13, ఆదివారం

చర్చి అయ్యాక సువార్తమ్మ ఆంటీని బయట ఆపాను. గుక్క తిప్పుకోకుండా అన్నాను, ఎవరికైనా జబ్బు చేస్తే ముందు ఆసుపత్రికి పంపాలి గానీ, పుస్తకాలు పోవాలి అదీ ఇదీ అని ఎందుకు చెబుతారండీ అని.

ఆవిడ తెల్లబోయింది. "ఎవరికి సెప్పానే? నా గర్భసంచి తీసింది కాకినాడ డాక్టరుగారు గాదా? ప్రార్థన సేసుకునే ఆపరేషను బల్ల ఎక్కాను. నీ దగ్గర పుస్తకాలున్నట్టే నాకు తెలవదు."

బైబిలు చేతులు మార్చుకున్నాను.

"ఎవరికే జబ్బు?"

"స్కూల్లో ఒకావిడకండి."

నా మొహంలోకి చూసింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఆవిడకి సెప్పు. తోడు కావాలంటే నేనొస్తానని."

ఇంటికొచ్చేసరికి అమ్మ చర్చికి కట్టుకెళ్ళిన తెల్లచీర మడతపెడుతోంది. ఆవిడేమందో అమ్మకి చెప్పలేదు. చెబితే అమ్మ అబద్ధమాడిందని చెప్పినట్టు. ఎలా చెప్పాలి?

జూలై 15, మంగళవారం

దొరికింది.

పుస్తకం దొరికినా దొరక్కపోయినా అమ్మని కాకినాడ తీసుకెళ్ళాలనుకున్నాను. అమ్మ ఆధార్ కార్డు కోసం ట్రంకు పెట్టె తెరిచాను. తెల్లచీర మడతల మధ్య గట్టిగా తగిలింది. నలుపు. తలుపు బొమ్మ. నా టికెట్టు, నేను పెట్టిన పేజీలోనే.

ఈ పుస్తకం ఇంట్లో ఉన్నంతకాలం కాకినాడ వెళ్ళక్కర్లేదు. అందుకే ఉంచుకుంది.

వారం రోజులుగా మేమిద్దరం కలిసి వెతికాం. అమ్మ టార్చిలైటు కూడా పట్టుకుంది.

తీసిన చోటే పెట్టేశాను. ఆధార్ తీసుకోవడం మర్చిపోయాను.

జూలై 16

అమ్మ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. నాకు పాఠం చెప్పడం వచ్చు. భయపడేవాళ్ళతో ఏం మాట్లాడాలో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

జూలై 17, గురువారం

అమ్మే కదిపింది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "ట్రంకు పెట్టి గొళ్ళెం సరిగ్గా ఎయ్యలేదు నువ్వు."

తువ్వాలు అందించాను.

"సగంలో టికెట్టుంది గదా. సగంలో లాక్కుంటే నీకు బాధ గదా అని..."

"అందుకేనా అమ్మా?"

మడమలు రుద్దుకుంటూనే ఉంది. బురద ఎప్పుడో పోయింది. ఇంకా రుద్దుతోంది.

"అది పూర్తి సేసుకో. సేసుకున్నాక ఎల్దాం. ఈసారి నిజంగా."

నా కోసం దాచిందా, భయంతో దాచిందా. రెండూనేమో. అమ్మకే తెలియదేమో.

జూలై 18, శుక్రవారం

నూట నలభై పేజీలున్నాయి. మామూలుగా నాకు ఒక్క రోజు పని.

పన్నెండు చదివాను.

జూలై 19, శనివారం

స్కూలు లేదు. నాలుగు పేజీలు.

"అయిందా?"

"ఇంకా లేదమ్మా."

అమ్మ మొహం తేలికపడింది. చూశాను. నాకూ తేలికపడింది. అదే సిగ్గుగా ఉంది. పుస్తకం అయిపోతే కాకినాడ. కాకినాడ అయితే కాగితం. ఆ కాగితం చదవాల్సింది నేనే.

జూలై 20, ఆదివారం

మధ్యాహ్నం వాన. పనికి పిలవలేదు. చదువుతుంటే అమ్మ పక్కన చేరి పడుకుంది.

"ఏంటంట కథ?"

తెలుగులో చెప్పాను. ఆమెకి జబ్బు. అతను లోపలికొస్తే బతుకుతుంది, కానీ మునుపటి మనిషిలా ఉండదు. పిలవకపోతే అతను రాలేడు. గడప బయటే నిలబడి ఉన్నాడు, మూడు నెలలుగా.

"వానలో కూడానా?"

"వానలో కూడా."

"సచ్చినోడు, గొడుగన్నా లేదా?" నవ్వింది. కాసేపాగి, "పిలిచేయొచ్చు గదా."

"భయమమ్మా."

"ఊఁ."

నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మ పక్కన ఉంటే పేజీలు వాటంతటవే కదిలాయి. వాన తగ్గేసరికి పదకొండు మిగిలాయి.

జూలై 21, సోమవారం

పదకొండు పేజీలు. చదివితే పావుగంట.

చదవలేదు. చదవడం మొదలుపెడితే ఈ పదకొండుని పదకొండు రోజులు చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. స్టాఫ్ రూమ్‌లో లలిత చేతిలో పెట్టేశాను. "ఆఖర్న ఏమైందో నాకు చెప్పకు." అదేంటని అడగబోయి నా మొహం చూసి బ్యాగులో వేసుకుంది.

ఇంటికొచ్చి చెప్పాను, "అయిపోయిందమ్మా. పంతొమ్మిదోది కూడా గడప దాటింది."

అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. గరిటె ఆగింది. ఇంకో పుస్తకం లేదు, ఇంకో మాట లేదు. ఇద్దరికీ తెలుసు.

"పిలిచిందా మరి?"

నాకేం తెలుసు? "రేపు బస్సులో చెప్తా."

"కాకినాడ దాకా సెప్పేంత ఉందా?"

"ఉంది."

"బతికిందా లేదా, అదొక్కటి ఇప్పుడు సెప్పు."

"బస్సులోనే."

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఏ బస్సని అడగలేదు, ఎందుకని అడగలేదు. చూరుకి వేలాడే పెద్ద గొడుగు తీసి, దులిపి, గుమ్మం పక్కన ఆనించి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులుగా కాయలు ఒలిచేటప్పుడు ఎప్పుడూ వేసే ఈల కూడా వెయ్యడం లేదు.

ఆధార్ తీశాను. చీటీ తీశాను. కథ మాత్రం కట్టుకోవాలి. కాకినాడకి ముందొచ్చే కరప దాటేలోపు కథలో ఆమె పిలవాలి. తర్వాతేమవాలో...

జూలై 22, మంగళవారం. పొద్దున్న

ఐదున్నర. వాన.

జట్టువాళ్ళు వీధిలోంచి కేకేశారు, "అక్కోయ్, వస్తున్నావా? సెరువు గట్టు సేను ఇయ్యాల!"

అమ్మ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. లేచి లోపలి గదిలోకి వెళ్ళి కర్టెన్ వేసుకుంది. చీర కట్టుకుంటోంది.

చర్చికైనా ఊరికైనా కట్టేది తెల్లచీర, గంజి పెట్టినది. కడితే గరగరమని చప్పుడొస్తుంది. పొలానికి కట్టే ఆకుపచ్చది మెత్తబడిపోయింది, చప్పుడు రాదు.

చెవి రిక్కించి కూర్చున్నాను. రేకుల మీద వాన. ఏమీ వినపడటం లేదు.