సత్తెమ్మ గారి బావి, మా సూక్ష్మజీవులు

చిట్కుల్,
ఆదివారం సాయంత్రం.

అక్కకు నీ చెల్లి వరలక్ష్మి నమస్కరించి, బోలెడంత బెంగతో రాస్తున్నది.

ఇక్కడ నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బెల్లం పొయ్యి ముందు గంటల తరబడి నిలబడకంటే వినవు కదా. బావగారి దగ్గు తగ్గిందా? మామ్మ సరిగ్గా తింటోందా? ఫోనులో ఇవన్నీ అడగాలనే వెళ్తాను. బూత్‌లో నా వెనక నలుగురు నిలబడి వింటుంటే "బాగున్నాను, బాగున్నాను" అని పెట్టేస్తాను. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో ఓ చోట నీకు కంగారు పుడుతుంది. నా ఉద్యోగం ఊడలేదు, ముందే చెప్పేస్తున్నాను. ఇక నింపాదిగా చదువుకో.

చలి బాగా ముదిరింది. మన వైపు చలిలా కాదు, పొడి చలి. పెదవులు పగిలిపోతున్నాయి. తెల్లారి తలుపు తీస్తే మంచుతో పాటు ఫ్యాక్టరీల ఘాటు కూడా లోపలికి వస్తుంది. మొదట్లో తల తిరిగేది, ఇప్పుడు అలవాటైంది. జొన్నరొట్టె కూడా అలవాటైంది. నువ్వు పంపిన బెల్లం రొట్టె మీద పెట్టుకుని తింటున్నాను. మా ఇంటి ఓనరు సత్తెమ్మ గారికి ఓ ముక్క ఇస్తే, కళ్లు మూసుకుని చప్పరించింది. పగలు పనిలో పడితే ఏమీ తెలియదు. సెలవు రోజు ఒక్కదాన్నే అన్నం వండుకుంటే మాత్రం ముద్ద దిగదు.

ల్యాబులో నేనేం చేస్తానని అడిగావు. జొన్న చొప్పలో, వరిగడ్డిలో కూడా చక్కెర ఉంటుందక్కా, కాకపోతే గట్టిగా బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టినా, అందులో ఒక రకం చక్కెరను మామూలు ఈస్టు ముట్టదు. అందుకని ఒక సూక్ష్మజీవిలో, ఇంకో సూక్ష్మజీవికి పుట్టుకతో వచ్చిన గుణాన్ని పెడతాం. అప్పుడది ఆ చక్కెరలన్నీ తిని స్పిరిట్ ఇస్తుంది. దాన్ని పెట్రోలులో కలిపి బండ్లు నడపొచ్చు. చెరకు రసం పులిసిపోతే నువ్వు తిట్టుకుంటూ పారబోస్తావే, నాకు ఆ పులియబెట్టడానికే జీతం.

ఆ పులుపు వాసన బట్టలకు పట్టేస్తుంది. ఒకరోజు సత్తెమ్మ గారు దారికి అడ్డంగా నిలబడి, "నిజం చెప్పు బిడ్డా, సార గిట్ల కాస్తున్నవా?" అని అడిగింది. నవ్వాగలేదు. కూర్చోబెట్టి, నీకు చెప్పినట్టే చెప్పాను. ఆమె మాత్రం నవ్వలేదు.

"గా పురుగులు మా బాయిల పడితే ఎట్ల?" అంది.

వాళ్ల పొలం వాగు పక్కనే ఉండేదట. "ఫ్యాక్టరీలొచ్చినంక వాగు నీళ్లు ఎర్రగయినయి. వరి మాడిపాయె. బర్రెలు గూడ గా నీళ్లు ముట్టలే. ఇగ గీ ఒక్క బాయే మంచిగున్నది. చూడనీకి వచ్చినోళ్లందరు ఏం గాదనే చెప్పిన్రు బిడ్డా. నువ్వు గూడ గట్లనే చెప్తవా?"

"మేం వాడిన ప్రతి చుక్కనూ ఆవిరిలో ఉడికించి, అవన్నీ చచ్చాకే బయటికి వదులుతాం పెద్దమ్మా. పూచీ నాది" అన్నాను. అన్న మాట నిజమే. ప్రెషర్ కుక్కర్‌లాంటి పెద్ద యంత్రం మా దగ్గర ఉంది.

ఆ యంత్రం మొన్న పాడైంది. మూతకుండే రబ్బరు పట్టీ తెగిపోయింది. కొత్తది బొంబాయి నుంచి రావాలి. ఇటు పెట్టుబడి పెట్టేవాళ్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లొచ్చేలోగా పులియబెట్టే పాత్రలు ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టాలి. మా సారు, "బ్లీచింగ్ కాస్త కలిపి కాలవలోకి వదిలేయమ్మా. బయట ఇవి బతకవు. నీకు తెలియదా?" అన్నారు.

నాకు తెలుసక్కా. ల్యాబులో పుట్టి పెరిగినవి, బయట నిలవడం కష్టమే. కానీ "కష్టమే" అన్నదాన్ని "ఏం కాదు" అని సత్తెమ్మ గారికి ఎలా చెప్పను? ఆ కాలవ వాళ్ల బావి పక్క నుంచే పోతుంది.

"నేను వదలను సార్" అన్నాను.

"అయితే ఇంటికెళ్లి ఉద్యోగం కావాలో వద్దో ఆలోచించుకో" అన్నారాయన. చెడ్డవాడు కాదు. ఆ పెట్టుబడి రాకపోతే ల్యాబే మూతపడుతుందని భయం.

గదికొచ్చి ఏడ్చాను. సత్తెమ్మ గారు అన్నం పట్టుకొచ్చి సంగతి అడిగి తెలుసుకుంది. నేను తిని చెయ్యి కడుక్కుంటుంటే, "ఉడకవెట్టుడే గదా? దానికి మిషినే ఉండాల్నా?" అంది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావక్కా, మన బెల్లం పెనం ముందు నిలబడి. ఈ జీవులు చావడానికి బాగా మరిగితే చాలు. పొద్దున్నే సారు దగ్గరికెళ్లి, "పాత్రల్లో ఉన్నదంతా బయట పొయ్యి మీద కాచేస్తాను, ఈ ఒక్క ఆదివారం ఇవ్వండి" అని అడిగాను. విసుక్కుంటూనే సరేనన్నారు.

పాత ఇనప సామాన్ల కొట్లో రెండు డ్రమ్ములు కొన్నాను. ఇవాళ పొద్దున ల్యాబు వెనక ఖాళీ జాగాలో పొయ్యిలు పెట్టాను. సత్తెమ్మ గారు కట్టెలు మోపు కట్టి తనే నెత్తిన పెట్టుకొచ్చింది. డ్రమ్ములోకి తొంగి చూసి, "గివేనా? కానొస్తలేవేంది?" అంది.

"కంటికి కనబడవు పెద్దమ్మా."

మరిగేసరికి నురగ పొంగి మీదికొచ్చింది. నువ్వు పాకం పొంగితే నూనె చిలకరిస్తావు కదా, నేనూ చెంచాడు నూనె పోశాను. చప్పున దిగిపోయింది. ఆవిడ కట్టె ఎగదోస్తూ, "పాపం, ఆకలైతే తిన్నయి. అవి మాత్రం ఏం జేసినయి" అంది. పొగకో మరెందుకో నా కళ్లు నిండాయి.

రెండో డ్రమ్ము మరుగుతుండగా సారు వచ్చారు. రెండు డ్రమ్ముల్లోకీ తొంగి చూశారు. చొక్కా చేతులు మడుచుకుని, "ఇంకెంతసేపు మరగాలి?" అని అడిగి, అయిపోయేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డారు. వెళ్తూ, "రేపు మామూలుగానే రా" అన్నారు. నన్ను పర్మనెంటు చేసే మాట మాత్రం ఎత్తలేదు. అది ఇప్పట్లో అవుతుందనుకోను. నువ్వు దిగులు పడకు. నేను పడటం లేదు.

చిన్న పని ఒకటి చెప్తాను. ఇటువైపు ఎవరైనా వస్తుంటే ఆ ఎర్ర బొంత పంపించు. ఇక్కడి దుప్పట్లకు చలి ఆగడం లేదు.

కాదు, నువ్వే తీసుకురా. ఇంటికి నడిచొస్తుంటే అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వేనని చెప్పాను. సత్తెమ్మ గారు దారిలోనే ఆగిపోయి, "గింత మొండిదాన్ని సాకిన అక్క ఎట్లుంటదో జెర సూడాలె. రమ్మని రాయి" అంది. రాస్తానన్నాను కానీ ఆవిడకు ఆత్రం ఆగలేదు. ఇప్పుడు నేనిది రాస్తుంటే వాకిట్లో కూర్చుని నీకోసం మంచానికి కొత్త నులక అల్లుతోంది. సగమైంది. ఎప్పుడొస్తున్నావో అడగమంటోంది.

బావగారికి నమస్కారాలు. మామ్మ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టు. మీ చల్లని దీవెన ఎప్పుడూ నా మీద ఉండాలి.

ఎంత దూరాన ఉన్నా నీ పెంపకంలోనే ఉన్న
నీ వరం