మేడ మీద వాటా

విజయవాడ

ప్రియమైన ఏలీయాకి,

కరుణ పోయాక నీ ఫోన్ మోగడం లేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మా పేపర్ ఆదివారం పేజీలో పట్టణాల్లో అద్దె ఇళ్ళ గురించి వేస్తున్నాం. ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అని. కరుణకి డయాలసిస్ జరుగుతున్న రోజుల్లో మీ ఆలుమగలు అమలాపురంలో ఇంటి కోసం తిరిగారట. మన బ్యాచ్ వాళ్ళు చెప్పారు. నువ్వు నాతో ఒక్క మాట అనలేదు. ఆ సంగతి నువ్వే రాయరా. లెక్చరర్ గారి తెలుగుని మా డెస్క్ దిద్దక్కర్లేదు.

వేళకి తింటున్నావా?

నీ ప్రసాద్

అల్లవరం

ప్రియమైన ప్రసాద్‌కి,

తింటున్నాను. రాయమన్నావు, ఇదే రాయగలిగింది.

డయాలసిస్ అయ్యాక అల్లవరం దాకా ఆటోలో కుదుపులు పడలేక, అమలాపురంలోనే ఒక్క గది చాలంది కరుణ. కులం ఎవరూ ముందు అడగరు. "ఆయ్, రండి, కూర్చోండి" అంటారు. మంచినీళ్ళు ఇస్తారు. తర్వాత ఇంటిపేరు. ఆ తర్వాత సొంతూళ్ళో ఏ పేట. అప్పుడు, "మా అబ్బాయి దుబాయ్ నించి వచ్చేస్తన్నాడండి, వాటా వాడికే." ఈ వీధి అబ్బాయిలందరూ ఒకే విమానంలో దిగుతున్నారేమో అంది కరుణ. ఒకాయన శాకాహారులకే అన్నారు. వంటింట్లోంచి చేపల పులుసు వాసన. "ఏ కూరగాయతో పెట్టేరండీ పులుసు?" అని అడిగింది. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

చివరి ఇంటికి ఒక్కతే వెళ్ళింది. నేను మందుల షాపులో ఉన్నాను. ఆ ఇంటాయన ఇంటిపేరుతో ఆగలేదు. "మీరేవిట్లండీ?" అని కులమే అడిగేశారట. "మాలలమండి" అంది. "ఏవనుకోకమ్మా, వీధిలోవాళ్ళు ఒప్పుకోరు" అన్నారట. ఆ తర్వాత కరుణ నన్ను ఇల్లు వెతకనివ్వలేదు. ఆ వానాకాలమంతా ఆటోలోనే తిరిగాం.

పేపర్లు మమ్మల్ని 'ఓ సామాజిక వర్గం' అంటాయి. అది వద్దు. ఆమె చెప్పిన మాటే వెయ్యండి.

ఏలీయా

విజయవాడ

ఒరేయ్ ఏలీయా,

ఎడిటర్ గారికి నచ్చింది. ఒక్కటే చిక్కు. ఆ చివరి ఇల్లు ఎవరిదో రాయలేదేం? పేరూ వీధీ ఉంటేనే నిలబడుతుందట. లేకపోతే 'ఓ సామాజిక వర్గానికి చెందిన మహిళ' అని మార్చేస్తారు. నేను పోట్లాడి చూశాను, లాభం లేదు. ఎవడ్రా వాడు? పెద్దమనిషైతే మరీ మంచిది. చెప్పు, అచ్చేద్దాం.

జవాబు కోసం చూస్తూ,
ప్రసాద్

అల్లవరం

ప్రసాద్‌కి,

ఆయన పేరు బంగారరాజు గారు. మీ అన్నయ్య. వాటా మీ మేడ మీదది. వీధి నీకు తెలుసు.

లోపలికి వెళ్ళేదాకా ఎవరిల్లో కరుణకి తెలియదు. హాల్లో మన కాలేజీ గ్రూప్ ఫోటో ఉందట. నీ పక్కన నేను, నీ చెయ్యి నా భుజం మీద. ఆ ఫోటో కిందే కూర్చుని కులం చెప్పింది. "ఫోటో చూపిస్తే ఇచ్చేవారు కదా" అన్నాను తర్వాత. "ఫోటోకి ఇచ్చేవారు. నాకు కాదు" అంది.

నీకు చెప్పనని మాట తీసుకుంది. ఆమె మాటని మార్చేస్తారని నువ్వు రాశాక, ఈ మాట తప్పుతున్నాను.

వేస్తే మొత్తం వెయ్యి. లేదంటే ఏమీ వద్దు, తిప్పి పంపు. నీ మీద కోపం లేదు.

ఏలీయా

విజయవాడ

ప్రియమైన ఏలీయాకి,

ఆదివారం పేజీ జత చేస్తున్నాను. పేరు, వీధి, కరుణ అన్న మాట, అన్నీ నువ్వు రాసినట్టే ఉన్నాయి. ఆ ఇంట్లో సగం నాదని కూడా కింద వేయించాను.

పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఇంటి పరువు బజార్న పెట్టేవేంట్రా?" అన్నాడు. "ఆ మనిషిని బజార్న నిలబెట్టింది మనవే కదన్నయ్యా" అన్నాను. పెట్టేశాడు.

ఆ వాటా ఇప్పుడు ఖాళీగానే ఉంది. నిన్ను వచ్చి ఉండమని రాయబోయాను. చెయ్యి రాలేదు.

ప్రసాద్